గొంగడిలో ఐసుగడ్డ

(హైమన్‌డార్ఫ్ దంపతుల స్మరణలో ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల ముందు చేసిన ఉపన్యాసం)



మానవశాస్త్రవేత్తను తలచుకునే సభలో భౌతికశాస్త్ర పాఠాల ముచ్చట ఎందుకని ఒకరిద్దరు నన్ను అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్‌కు గానీ, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌కు గానీ న్యూటన్ సూత్రాలతో ఎన్నడూ పని పడలేదు. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం సర్కారుకు అర్థం కావాల్సి వచ్చింది. ఆ అవసరమే ఈ దంపతులను మార్లవాయికి చేర్చింది. భూమి పట్టాల విషయంలో హైమన్‌డార్ఫ్ చేసిన పని మీకు నేను చెప్పనక్కర లేదు. నేను పట్టుకోదలచింది 1943లో అదే మార్లవాయిలో మొదలైన చదువుల పని.

అక్కడ చేసింది ఇదీ. బయటి నుంచి పంతుళ్లను తేలేదు. గోండు యువకులనే పిలిచి, శిక్షణ ఇచ్చి, పంతుళ్లను చేశారు. వాచకాలు గోండి భాషలో రాయించారు. ఆ కొండల్లో అప్పటికి మరాఠీ వాడకం ఎక్కువ కాబట్టి వాటిని నాగరి లిపిలో అచ్చువేశారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట దగ్గరే బడి మొదలైంది. తర్వాతి రోజుల్లో ఆ పద్ధతి పక్కకు పోయింది, తెలుగే బడి భాష అయింది. బెట్టీ 1987లో కన్నుమూశారు, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోతే, చాలా ఏళ్ల తర్వాత ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. మార్లవాయి వాళ్లను మరిచిపోలేదు. మార్లవాయి బడి పద్ధతిని మాత్రం మనం మరిచిపోయాం.

పిల్లలకు ముందే తెలిసినదాని దగ్గర మొదలుపెట్టడం ఆ పద్ధతికి పునాది. అక్షరాల విషయంలో దీన్ని ఒప్పుకోవడం తేలిక. భౌతికశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి మనకు చేతులాడవు. ఎందుకంటే ఈ సబ్జెక్టులో పిల్లలకు ముందే తెలిసింది చాలాసార్లు తప్పు. ఆ తప్పు బయటికి రాకుండానే పాఠం ముగించడం మనందరికీ వచ్చిన విద్య.

ఆదిలాబాద్ చలి సంగతి చూడండి. చలికాలంలో ఏజెన్సీ గ్రామాల్లో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి జారుతుంది. గొంగడి లేని ఇల్లుండదు. ఉష్ణం పాఠం చెప్పే రోజు ఐసు బండివాడి దగ్గర ఒకే కొలతలో రెండు గడ్డలు కొని తెండి. ఒకటి గొంగట్లో చుట్టబోతున్నాం, ఇంకోటి స్టీలు పళ్లెంలో పెట్టబోతున్నాం. ఇంకా పెట్టలేదు. ఇప్పుడు అడగండి: ఏది ముందు కరుగుతుంది?

“గొంగడిలదే సార్, గొంగడి వేడుంటది గద!” ఎక్కువమంది నోట వచ్చే జవాబు ఇదే. ఒకరిద్దరు నసుగుతారు. ఆ నసిగేవాళ్లు మనకు చాలా ముఖ్యం. ఇక్కడ మనలో చాలామంది చేసే పని, “కాదురా, ఉన్ని అధమ ఉష్ణవాహకం” అని బోర్డు మీద రాసెయ్యడం. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో అదే వాక్యం రాస్తారు, మార్కు పడుతుంది. ఇంటికి పోయి గొంగడి వేడి పుట్టిస్తుందనే నమ్ముతారు. ఈ రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో ఇరుగుపొరుగులా కాపురం చేస్తాయి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా.

అందుకని రాయకండి. ప్రతి ఒక్కరినీ తమ అంచనా నోటుపుస్తకంలో రాయమనండి, పక్కన కారణం ఒక్క ముక్క. తర్వాత పక్కనున్నవాళ్లతో వాదించుకోమనండి. ఐదు నిమిషాలు చాలు. మళ్లీ చేతులెత్తించండి, బోర్డు మీద ఎంతమంది ఎటో అంకె వేయండి. అప్పుడు ఐసు పెట్టండి. పళ్లెంలోది నీళ్లవుతుంటే గొంగట్లోది గట్టిగా ఉండటం చూసిన పిల్లల ముఖాలు వేరేగా ఉంటాయి. గొంగడి వేడిని పుట్టించదు, ఇటు నుంచి అటు పోనివ్వదు. రాత్రి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వలేదు, ఇప్పుడు గది వేడిని ఐసు దగ్గరికి రానివ్వడం లేదు. ఇంతవరకు చెప్పాక మనం ఆగిపోవచ్చు, పిల్లలు ఆగరు. “మరి పళ్లెం ముట్టుకుంటే సల్లగెందుకుంటది సార్?” అని ఎవరో అడుగుతారు. అది తర్వాతి పాఠం. దాన్ని మొదలుపెట్టింది పిల్లలు.

ఇందులో ఖర్చైన పరికరం రెండు ఐసుగడ్డలు. ల్యాబు లేదనే మాట మనం చాలా ఏళ్లుగా అంటున్నాం, అది నిజమే కూడా. కానీ ల్యాబు ఉన్న చోట ఏం జరుగుతోంది? ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రం ప్రాక్టికల్స్‌కు మార్కులుంటాయి. రికార్డులోని రీడింగులు ఎన్ని కాలేజీల్లో పై బ్యాచ్ రికార్డు నుంచి దిగుతాయో ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. పరికరం ఉండీ అంచనా లేని ప్రయోగం వంట పుస్తకం చదవడంతో సమానం అనబోయాను, కానీ వంట పుస్తకం చదివితే కనీసం నోరూరుతుంది.

ఈ బాధ మన జిల్లాలకే పరిమితమని అనుకోకండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు 1984 నుంచి భౌతికశాస్త్రం చెబుతున్నాడు. మంచి ఉపన్యాసకుడని పేరు. అరిజోనాలో హలూన్, హెస్టెనెస్ అనే ఇద్దరు తయారుచేసిన ఒక పరీక్ష 1990 ప్రాంతంలో ఆయన చేతికి వచ్చింది. అందులో లెక్కలుండవు, బలం గురించి మామూలు మాటల్లో ప్రశ్నలుంటాయి. తన విద్యార్థులకు అదొక లెక్కలోది కాదనుకుంటూ ఇచ్చాడు. ఒక విద్యార్థి లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నాకు తోచినట్టు రాయాలా అని అడిగాడట. మన గొంగడి పిల్లకూ ఆ విద్యార్థికీ తేడా ఫీజులోనే ఉంది. ఆ తర్వాత మజూర్ తరగతిని తిరగేశాడు: ప్రశ్న, ఎవరికి వారు ఓటు, పక్కవాళ్లతో వాదన, మళ్లీ ఓటు.

ఇది పనిచేస్తుందా అనే ప్రశ్నకు జవాబు దొరికి పాతికేళ్లు దాటింది. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలు పోల్చాడు. మొదట్లో రానిదానిలో చివరికి ఎంత భాగం వచ్చిందన్నది ఆయన కొలత. ఉపన్యాసమే నడిచిన 14 కోర్సుల్లో సగటు 0.23. పిల్లలు తలా చెయ్యీ కలిపి, అప్పటికప్పుడు చర్చించుకున్న 48 కోర్సుల్లో 0.48. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి చూసింది. ఫెయిలయ్యేవాళ్లు ఉపన్యాస తరగతుల్లో 33.8 శాతం, పిల్లలు పాల్గొనే తరగతుల్లో 21.8 శాతం. నాకు వీటన్నిటికన్నా పెద్దగా కనబడేది 2020లో థియోబాల్డ్ బృందం తేల్చిన సంగతి. అమెరికా సైన్సు, గణితం కోర్సుల్లో వెనకబడ్డ వర్గాల పిల్లలకూ మిగతావాళ్లకూ పరీక్ష మార్కుల్లో ఉన్న అంతరం ఈ పద్ధతిలో మూడో వంతు తగ్గింది. అదీ ఎక్కువ సమయం ఈ పనికే కేటాయించిన చోట. నామమాత్రంగా చేసి వదిలేసిన చోట అంతరం అలాగే ఉండిపోయింది.

ఇవి అమెరికా లెక్కలు, మన గదిలో అరవై మంది, ఒకే ఫ్యాను అని మీరనవచ్చు. అనండి. కానీ ఓటు వేయించడానికి కరెంటు అక్కర లేదు. జవాబులకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చి, కళ్లు మూసుకొని గుండెకు ఆనించి వేళ్లు చూపమనండి. చేతులెత్తిస్తే క్లాసు ఫస్టు పిల్లవాడి చేయి చూసి మిగతావి లేస్తాయి. గుండె దగ్గరి వేళ్లు మనకొక్కరికే కనిపిస్తాయి. వెనక బెంచీలో నోరు మెదపని పిల్ల ఏమనుకుంటోందో మనకు తెలిసే దారి అదొక్కటే.

కరీంనగర్ వైపు వస్తే ప్రశ్నలు నేల మీదే పడి ఉన్నాయి. సిరిసిల్ల పిల్లలు సాంచెల (మరమగ్గాల) చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లు. సాంచెలో నాడెను ఒక కర్ర దెబ్బ కొట్టి పంపుతుంది, అది పడుగు పోగుల మధ్య నుంచి రెండో వైపుకు దూసుకుపోతుంది. అడగండి: దెబ్బ తగిలి కర్ర వదిలేశాక, నాడె మధ్యలో ఉండగా దాన్ని ముందుకు నెట్టే బలం ఏది? తరగతి అంతా ఒక బలం వెతుకుతుంది. దెబ్బ బలం ఇంకా దానిలోనే ఉందంటారు. ఇది ప్రపంచమంతటా పిల్లలు చేసే పొరపాటు, గెలీలియోకు ముందు పెద్దపెద్ద పండితులు నమ్మిందీ ఇదే. అప్పుడు నేతన్న కొడుకు ఎవరైనా అనాలి: “నాడె పోతాపోతా మెల్లగైతది సార్. దెబ్బ తక్కువైతే నడుమ్మీదనే ఆగుతది. అప్పుడు పోగులు తెగుతయి.” అంటే ఆ నాడె మీద పనిచేస్తున్నది వెనక్కి లాగే బలమే కదా, నూలు రాపిడి. ముందుకు నెట్టే బలం ఉంటే మెల్లగా ఎందుకవుతుంది? ఈ ప్రశ్నతో న్యూటన్ మొదటి సూత్రం గదిలోకి నడిచొస్తుంది. దాన్ని తెచ్చింది, రోజూ మార్కుల్లో వెనక ఉండే ఆ పిల్లవాడు.

పిల్లల్ని కలుపుకుపోవడం అంటే నా దృష్టిలో ఇది. జాలితో రెండు మార్కులు ఎక్కువ వేయడం ఎవరికీ పనికిరాదు. ఆ పిల్లవాడి దగ్గరున్న తెలివి లేకపోతే పాఠం పూర్తికాని పరిస్థితి తేవాలి. జైనూరు వైపు ఉషేగావ్ ఓజల పిల్లలున్నారు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూత పూసి, కాల్చి, మైనం పోయిన చోట ఇత్తడి పోసే ఇళ్లలో పెరిగినవాళ్లు. ఈ ఆదిలాబాద్ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని జనరల్ నాలెడ్జిలో చెబుతాం. సాంద్రత పాఠంలో ఆ పిల్లల వైపు తిరగం. మైనం సాంద్రత నీటికన్నా కొంచెం తక్కువ, ఇత్తడిది నీటికి దాదాపు ఎనిమిదిన్నర రెట్లు. వంద గ్రాముల మైనం బొమ్మకు ఎంత ఇత్తడి కరిగించాలి? లెక్క చేస్తే దాదాపు తొమ్మిది వందల గ్రాములు వస్తుంది. చేసి చూపమని ఓజ ఇంటి పిల్లను పిలిచిన రోజు, ఆ పాఠానికి టీచరు ఆమే.

నేరడిగొండ వైపు వాళ్లకు కుంటాల జలపాతం ఉంది. ఎత్తు 45 మీటర్లు. పడ్డ నీళ్లు పైనున్న నీళ్లకన్నా వెచ్చగా ఉండాలి కదా? ఎంత? కిలో నీటికి 441 జౌళ్లు, అంటే ఒక డిగ్రీలో పదో వంతు. మన బడి థర్మామీటరు దాన్ని పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదన్నది కూడా పాఠమే.

ఇప్పుడు భాష. ఈ జిల్లాల్లో సైన్సు చదువు వందేళ్లలో మూడు భాషలు మారింది. 1918లో ఉస్మానియా ఏర్పడింది, దాని అనువాద విభాగం భౌతికశాస్త్రంతో సహా అన్నిటినీ ఉర్దూలోకి తెచ్చింది. సినారె వంటి తెలుగు కవి చదువు కూడా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. మన వంగర బిడ్డ పీవీ విద్యామంత్రిగా ఉన్నప్పుడు, 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, కాలేజీ భౌతికశాస్త్రం తెలుగులో దొరికింది. 2022-23లో సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు చేతికొచ్చాయి. మంచి పనే. ఇంగ్లిష్ వద్దనే హక్కు మనకు లేదు, మన పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నామో అందరికీ తెలుసు.

అయితే ఉట్నూరు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలో ఒకే గదిలో గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఇళ్లనుంచి వచ్చిన పిల్లలుంటారు. ఆ గదిలో ఎదురెదురు పేజీలు రెండూ పరాయివే అయిన పిల్లలెందరో. తుది జవాబు ఇంగ్లిష్‌లో రాయమనండి, తెలుగులో చెప్పమనండి, మీ ఇష్టం. వాదన మాత్రం వాళ్ల భాషలో సాగనివ్వండి. “వాళ్లేం మాట్లాడుకుంటున్నారో నాకెట్ల తెలుస్తది?” అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగాడు. ఆ ఐదు నిమిషాలు తెలియకపోయినా ఫర్వాలేదు. ముందు ఓటుకూ తర్వాతి ఓటుకూ అంకె మారిందా లేదా చూసుకోండి. మారితే ఆ గోండి మాటల్లో భౌతికశాస్త్రం జరిగినట్టే. హైమన్‌డార్ఫ్ దంపతులు 1943లో చేసిన పనిని పదో తరగతి గదిలోకి తెచ్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుంపులు కట్టించగానే అందరూ నేర్చుకుంటారని అనుకోవద్దు. ఆరుగురిని కూర్చోబెడితే ఇద్దరు మగపిల్లలు పరికరం పట్టుకుంటారు, అక్షరం బాగుంటుందని ఒక ఆడపిల్లకు రాసే పని పడుతుంది, మిగతా ముగ్గురు కిటికీ చూస్తారు. ఉపన్యాస తరగతిలో అందరూ సమానంగా మౌనంగా ఉంటారు. నిర్లక్ష్యంగా నడిపిన గుంపు పనిలో కొందరే మౌనంగా ఉంటారు, వాళ్లెవరో ముందే చెప్పవచ్చు. అందుకని పరికరం పట్టేవాళ్లు, రాసేవాళ్లు, చివరికి లేచి చెప్పేవాళ్లు ప్రతిసారీ మారాలి. పత్తి ఏరే కాలంలో వారం పదిరోజులు రాని పిల్లలు తిరిగొచ్చిన రోజు, పాత ప్రశ్న ఒకటి మళ్లీ అడిగి, ఆ రోజుల్లో బడికి వచ్చినవాళ్ల చేత రానివాళ్లతో వాదింపజేయాలి. వివరించేవాళ్లకే ఎక్కువ లాభం.

చూపు లేని పిల్లల గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. మన ప్రయోగాలన్నీ కంటికే. ఒక దారం తీసుకొని చివర ఒక నట్టు కట్టండి. అక్కడినుంచి 20 సెంటీమీటర్ల దగ్గర రెండోది, 80 దగ్గర మూడోది, 180 దగ్గర నాలుగోది. ఇంకో దారానికి 60 సెంటీమీటర్లకొకటి, సమాన దూరంలో కట్టండి. బల్లమీద నిలబడి, కింది నట్టు స్టీలు పళ్లేన్ని తాకేలా పట్టుకొని వదలాలి. ఏ దారం చప్పుళ్లు సమానమైన ఎడంతో వినిపిస్తాయి? సమాన దూరంలో కట్టిందే అని దాదాపు అందరూ అంటారు. వదిలితే దాని చప్పుళ్లు దగ్గర దగ్గరవుతూ పోతాయి. మొదటి దారం మాత్రం సెకనులో ఐదో వంతుకొకసారి టక్, టక్, టక్ మంటుంది. ఒకటి, నాలుగు, తొమ్మిది, కాలం వర్గానికి దూరం. ఈ ప్రయోగంలో చూపు లేని పిల్ల అందరితో సమానం, ఒక్కోసారి అందరికన్నా ముందు.

కష్టాలు కూడా చెప్పాలి. మొదటిది, పిల్లలే ఒప్పుకోరు. 2019లో హార్వర్డ్‌లోనే డెలారియే బృందం చూసింది: పాల్గొన్న తరగతిలో పిల్లలకు ఎక్కువ వచ్చింది, కానీ తక్కువ వచ్చిందని వాళ్లకనిపించింది. చక్కని ఉపన్యాసం వింటే అర్థమైపోయిన హాయి ఉంటుంది. మన దగ్గర తల్లిదండ్రుల సమావేశంలో, “సారు చెప్తలేడు, మమ్ములనే అడుగుతుండు” అనే ఫిర్యాదు వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి, మొదటి వారమే పిల్లలకు కారణం చెప్పండి.

రెండోది సిలబసు. అన్ని పాఠాలనూ ఇలా నడపలేం. పీరియడుకొక మంచి ప్రశ్న చాలు, కొన్ని పాఠాలు మామూలుగానే చెప్పేయండి.

మూడోది పరీక్ష, అన్నిటికన్నా బలమైనది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బళ్లతో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు చేసి, చర్చించి, తామే నిర్ధారణకు వచ్చేట్టు పుస్తకాలు రాశారు. దాన్ని నడిపినవాళ్లు పరీక్షను కూడా మార్చారు, పుస్తకం తెరిచి రాసే పరీక్ష పెట్టారు. అందుకే అది నిలబడింది. 30 ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వం ఆపేసింది, ఆపడానికి ఒక ఉత్తర్వు సరిపోయింది. మన దగ్గరా కొత్త పాఠ్యపుస్తకాలు, సీసీఈ అనే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు ప్రాజెక్టు పనికి మార్కులిచ్చారు. ప్రాజెక్టులు జిరాక్సు దుకాణంలో తయారుగా దొరకడం మొదలైంది. పదో తరగతిలో 80 రాతకు, 20 అంతర్గతానికి. ఈ 20 ఎత్తేద్దామన్న మాట కూడా మధ్యలో వినబడింది. ఎత్తేయాల్సినవి మార్కులు కావు, ఆ దొంగ ప్రాజెక్టులు.

నా ప్రతిపాదన చిన్నది. ఆ 20లో మన సబ్జెక్టు వాటాలో కొంత, అంచనాల నోటుపుస్తకానికి ఇద్దాం. అందులో ప్రతి ప్రశ్నకూ మూడు గడులు: ముందు ఏమనుకున్నాను, ఏం జరిగింది, ఇప్పుడేమనుకుంటున్నాను. మొదటి గడిలో తప్పు రాసినందుకు మార్కు తగ్గించకూడదు. దుకాణంలో దొరకదు కాబట్టి కాపీ భయం కూడా తక్కువ.

ప్రశ్నలు మనమే రాయాలి. గొంగడి, నాడె, కుంటాల మీ ముందు పెట్టాను. గోదావరిఖని మిత్రులు వాలు మీద తాడుతో లాగే బొగ్గు తొట్టి మీద ఒకటి రాయండి. రామగుండం వాళ్లకు 2022లో పూర్తయిన 100 మెగావాట్ల నీటిమీది సౌర ఫలకాలున్నాయి, నేలమీది కన్నా నీటిమీద ఫలకం ఎందుకు బాగా పనిచేస్తుందో అడగవచ్చు. ప్రధాన్‌ల మూడు తీగల కిక్రి వాద్యం మీద ధ్వని పాఠానికి ప్రశ్న కావాలి, అది ఇంద్రవెల్లి వాళ్లు చూసుకోండి. ఒక్కో బడి రెండేసి పంపితే వేసవి సెలవులకు ముందే చిన్న పుస్తకం అవుతుంది. ముందు తెలుగు, ఇంగ్లిష్‌లో వేద్దాం. గోండి, కొలామీలో ప్రశ్నలు ఎవరు రాస్తారో, వాటిని ఏ లిపిలో అచ్చువేయాలో ఉట్నూరు ఉపాధ్యాయులు మధ్యాహ్నం కూర్చొని తేల్చాలి.